లక్ష్యం ఇంటి గడపలో పుట్టాలి

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కన్నడ, మరాఠీ, ఉర్దూ భాషల నడుమ తెలుగు అక్షరదీపాన్ని డెబ్బయి అయిదేళ్లుగా ఆరనీయక కాపాడిన విద్యాలయమిది. ఈ శుభసమయాన, బడి గడప దాకా రాలేకపోయిన పిల్లలను, వచ్చినా నిలువలేకపోయిన పిల్లలను గురించి నాలుగు మాటలు మనవి చేయడం నా విధిగా భావిస్తున్నాను.

సెరిబ్రల్ పాల్సీ వల్ల కండరాలు బిగుసుకున్నవారు, బుద్ధివికాసం మందగించినవారు, వినికిడి లోపించినవారు మన మధ్య ఉన్నారు. అట్టి పిల్లలకు అందించే చికిత్స, శిక్షణ, తోడ్పాటులను కలిపి పునరావాస సేవ అంటున్నాము. ఈ సేవకు లక్ష్యాన్ని ఎవరు నిర్ణయించాలి? వైద్యుడా, కుటుంబమా? ఇదే నా ప్రసంగ విషయం.

సెరిబ్రల్ పాల్సీ గల ఎనిమిదేళ్ల బాలుని ఊహించుకుందాం. మూడు నెలల్లో చెంచాతో తినగలగాలని చికిత్సకుడు పుస్తకంలో వ్రాస్తాడు. శాస్త్రదృష్టితో చూస్తే అందులో దోషం లేదు. కాని మన బీదరు సీమలో ఆ ఇంట తినేది జొన్నరొట్టె. నేలపై కుదురుగా కూర్చోవాలి, ఒక చేత్తో రొట్టెను అదిమిపట్టి మరొక చేత్తో తుంచాలి, పప్పులో అద్దుకోవాలి. అక్కడ చెంచాకు పని లేదు. కనుక చెంచా అభ్యాసం ఆసుపత్రి గదిలోనే నిలిచిపోతుంది. అదే తల్లిని, “అమ్మా, మీవాడు ఏది చేయగలిగితే మీకు తృప్తి?” అని అడిగితే, “పెండ్లిపంక్తిలో పదిమందితో కూర్చొని తన చేత్తో తింటే చాలు” అనవచ్చు. ఆ ఒక్క కోరికలో కూర్చునే శక్తి, చేతుల నేర్పు, పదిమందిలో స్థానం మూడూ ఇమిడి ఉన్నాయి.

ఇందులో లెక్క కూడా ఉన్నది. వారానికి 168 గంటలు. చికిత్సకుని వద్ద రెండు గంటలు గడిపితే, తక్కిన 166 గంటలు పిల్లవాడు ఇంట్లో, వీధిలో, బడిలో గడుపుతాడు. ఇంటివారు తమదిగా భావించని లక్ష్యం ఆ 166 గంటలలో సాధనకు నోచుకోదు.

లక్ష్యాన్ని కొలిచే పద్ధతులు కూడా లేకపోలేదు. 1968లో అమెరికాలో కిరెసుక్, షెర్మన్ అనువారు మానసిక వైద్యరంగం కోసం ఐదు మెట్ల కొలమానమొకటి రూపొందించారు. తరువాత అది పిల్లల పునరావాసంలోనూ వాడుకలోకి వచ్చింది. మన బాలునికి దానిని అన్వయిద్దాం. తల్లి తినిపించే నేటి స్థితి అడుగుమెట్టు. తుంచి ఇచ్చిన ముక్కను తానే నోట పెట్టుకోవడం రెండవది. ముక్కలను పప్పులో అద్దుకొని సగం రొట్టె తినడం మధ్యమెట్టు, అనగా మనం ఆశించే ఫలితం. రొట్టె మొత్తం తినడం నాలుగవది. తానే తుంచుకొని తినడం ఐదవది. చదువు రాని అవ్వ సైతం మనవడు ఏ మెట్టున ఉన్నాడో చెప్పగలదు.

2012లో కెనడాకు చెందిన రోజెన్‌బామ్, గోర్టర్ పిల్లల పునరావాసంలో గమనించవలసిన ఆరు అంశాలను సూచించారు. అవి పనితీరు, కుటుంబం, దేహదారుఢ్యం, ఆనందం, స్నేహితులు, భవిష్యత్తు. వైద్యుల ఆలోచనలో కుటుంబానికి దక్కిన స్థానం ఇందులో గమనించదగినది.

మనకు దగ్గరి నిదర్శనమూ ఉన్నది. 1956 వరకు బీదరు హైదరాబాదు రాష్ట్రంలో భాగం. వైద్యానికి ఆ నగరం వైపు చూసే అలవాటు నేటికీ పోలేదు. బుద్ధిమాంద్యం గల పిల్లల కోసం 1984లో సికింద్రాబాదులో జాతీయ సంస్థ ఏర్పడింది. దూరప్రాంతాల తల్లిదండ్రులు పిల్లలతో కొన్నాళ్లు బసచేసి శిక్షణ పొందేందుకు అది కుటుంబ కుటీరాలను ఏర్పాటు చేసింది. పిల్లవానితోపాటు కుటుంబాన్నీ చేర్చుకోవాలన్న భావన దానికి మూలం. అయితే సుమారు 140 కిలోమీటర్లు కూలి మానుకొని పోవడం అందరికీ సాధ్యం కాదు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అంగన్‌వాడీలలో, ప్రభుత్వ బడులలో పిల్లలను పరీక్షించి, అవసరమైనవారిని జిల్లా కేంద్రానికి పంపే మార్గం చూపింది. ఆ పరీక్ష తరువాత జరిగే సంభాషణలో కుటుంబం పాల్గొనాలి.

ఇందులో చిక్కులు లేవని చెప్పను. “మావాడు నడిస్తే చాలు, ఇంకేమీ వద్దు” అనే తండ్రి ఉంటాడు. నడుస్తాడని బూటకపు భరోసా ఇవ్వడమూ తగదు, ఆ ఆశను త్రుంచివేయడమూ తగదు. నడిచి ఎక్కడికి పోవాలని మీ కోరిక అని అడగాలి. బడికి అంటే, చక్రాల కుర్చీతోనైనా బడికి చేరడం ఈ ఏటి లక్ష్యమవుతుంది. నడక కోసం సాధన దాని వెంట సాగుతుంది.

కుటుంబ భాగస్వామ్యమంటే భారమంతా తల్లి నెత్తిన మోపడం కాదు. ఒకటి రెండు లక్ష్యాలు చాలు. అవి స్నానం, భోజనం వంటి నిత్యకృత్యాలలో కలిసిపోవాలి. తండ్రికి, నాయనమ్మకు, అన్నదమ్ములకు తలా ఒక పని ఉండాలి. ఆ లక్ష్యం తల్లి పలికిన మాటలలోనే కాగితం మీదికి ఎక్కాలి. తెలుగు మాట్లాడే ఇంటికి ఇంగ్లీషు పత్రం చేతికిస్తే అది పెట్టె అడుగున దాగుతుంది.

పిల్లవాని మాటా వినాలి. తమకు సంబంధించిన విషయాలలో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకున్నదని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెబుతున్నది. 1992లో భారతదేశం అందులో చేరింది. నోట మాట రానివాడు కంటిచూపుతో, బొమ్మతో తన ఇష్టం తెలుపగలడు.

ఇక బడి బాధ్యత. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, నిర్ణీత స్థాయి వైకల్యం గల ఆరు నుండి పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఇంటిదగ్గరి బడిలో గాని, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గాని ఉచిత విద్య పొందే హక్కునిచ్చింది. కాని మరుగుదొడ్డిలో పట్టుకొనేందుకు కమ్మీ లేక బడి మానే పిల్లకు చట్టపుస్తకం ఏమి ఉపకరిస్తుంది? లక్ష్యనిర్ణయ సమావేశంలో ఉపాధ్యాయుడు కూర్చుంటే ఈ విషయం అక్కడే తేలుతుంది.

మన బిద్రీ పాత్ర ఒక్క చేతితో పూర్తికాదు. పోతపోసేవారొకరు, నగిషీ చెక్కేవారొకరు, వెండి పొదిగేవారొకరు. అయినా గీసుకున్న చిత్రం అందరికీ ఒక్కటే. మన పిల్లల విషయంలో ఆ చిత్రం ఇంటివారితో కూర్చొని గీయవలసి ఉన్నది.

కనుక పాలకవర్గానికి నాదొక విన్నపం. ఏటా బడి తెరిచిన నెలలో ఇటువంటి ప్రతి కుటుంబాన్నీ పిలిచి మూడు ప్రశ్నలు అడగండి: ఈ ఏడు బిడ్డ ఏమి చేయగలగాలని కోరుతున్నారు? ఇంట్లో ఎవరు తోడుంటారు? బడి ఏమి మార్చుకోవాలి? జవాబులను వారి మాటలలోనే వ్రాసి, ఆరు నెలలకు తిరిగి చూడండి. ఈ పనికి నిధులు అక్కరలేదు. రెండు కుర్చీలు, ఒక గంట తీరిక, వినే మనసు ఉంటే చాలు.