అచ్చుచిత్రం నకలు కాదు

  

ఈ సదస్సు అధ్యక్ష స్థానం నుంచి దొరికిన అవకాశాన్ని ఒక్క మాట గట్టిగా చెప్పడానికి వినియోగించుకుంటాను. అచ్చుచిత్రాన్ని మనం ఇంకా వర్ణచిత్రానికి నకలుగానే చూస్తున్నాం. ఆ చూపు మారాలి. చిత్రకారుడు రాతి మీదో, రాగిరేకు మీదో, చెక్క మీదో నేరుగా కల్పించిన బొమ్మకు కాగితం మీద దిగిన అచ్చే అసలు రూపం. దాని వెనక వేరే మూలం ఉండదు.

అచ్చుచిత్రాల పద్ధతుల్లో ఒకటైన శిలాముద్రణ, అంటే రాతి మీద నుంచి అచ్చు తీసే లితో పద్ధతి, బవేరియాలో పుట్టింది. 1771లో ప్రాగ్‌లో జన్మించిన అలోయిస్ సెనెఫెల్డర్ మ్యూనిక్‌లో నాటకాలు రాసుకునేవాడు. వాటిని అచ్చు వేయించే స్తోమత లేక, తానే చవకగా వేసుకునే దారి వెతికాడు. 1796లో ఒకరోజు ఉతుక్కి వేసే బట్టల పద్దు రాయడానికి కాగితం దొరక్క, చేతికందిన నునుపు రాతి మీద జిడ్డు సిరాతో రాశానని 1818లో వెలువరించిన తన గ్రంథంలో ఆయనే చెప్పాడు. ముందు ఆమ్లంతో రాతిని కరిగించి అక్షరాలను ఉబ్బెత్తుగా తేల్చాడు. మరో రెండేళ్లకు అసలు సూత్రం పట్టుబడింది. గీత ఎత్తుగా ఉండనక్కర్లేదు, లోతుగా ఉండనక్కర్లేదు. జిడ్డుకూ నీటికీ పడదు, అంతే చాలు.

సోల్న్‌హోఫెన్ గనుల సున్నపురాయి జిడ్డునూ పట్టుకుంటుంది, తడినీ పట్టుకుంటుంది. అది ఎంత సన్నని రేణువుల రాయంటే, ఆ గనుల ప్రాంతంలో 1861లో దొరికిన ఆర్కియాప్టెరిక్స్ అనే పురాతన పక్షి శిలాజంలో ఈకల జాడలు సైతం నిలిచి ఉన్నాయి. మైనం, సబ్బు, కొవ్వు, మసి కలిపి చేసిన కడ్డీతో ఆ రాతి మీద బొమ్మ గీస్తారు. తుమ్మబంక నీళ్లలో కాస్త నత్రికామ్లం కలిపి పూస్తారు. తర్వాత రాతిని తడిపి, రోలరుతో సిరా దొర్లిస్తే గీతలు మాత్రమే సిరాను అందుకుంటాయి. తడిచోటు దాన్ని దగ్గరికి రానివ్వదు. కాగితం పరిచి ప్రెస్సులో లాగితే బొమ్మ కుడిఎడమలు మారి దిగుతుంది.

ఉలి, సూది అక్కర్లేని ఈ పద్ధతిలో వేళ్ల ఒత్తిడి, తొందర, తడబాటు యథాతథంగా కాగితానికి చేరతాయి. అందుకే ఫ్రాన్సులో వ్యంగ్య చిత్రకారుడు ఓనొరే దోమియే దాదాపు 4000 బొమ్మలు రాతి మీద గీశాడు. 1834 ఏప్రిల్‌లో పారిస్‌లోని ట్రాన్స్‌నొనేన్ వీధిలో సైనికులు ఒక ఇంట్లోకి చొరబడి, అందులో ఉన్నవాళ్లను చంపారు. రాత్రి దుస్తుల్లో నేలకొరిగిన తండ్రిని, అతని కింద నలిగిన పసిబిడ్డను దోమియే గీశాడు. ప్రభుత్వం దొరికిన ప్రతులన్నీ లాక్కుంది. రాతిని కూడా వదల్లేదు. గోడకు తగిలించిన ఒక్క పటమైతే అంత భయం అక్కర్లేదు. ఒకే బొమ్మ వందల చేతుల్లోకి వెళ్లగలదు. అచ్చుచిత్రానికి బహుత్వం లోపం కాదు, ప్రాణం.

మరి మన దేశంలో నకలు అనే ముద్ర ఎందుకు పడింది? రాజా రవివర్మ 1894లో బొంబాయిలో లితో ప్రెస్సు పెట్టి, శకుంతల జననం బొమ్మతో మొదలుపెట్టాడు. రంగు రంగుకూ వేరే రాయి కావాలి. రాయి మారినా గీత మీద గీత తప్పకుండా కూర్చోవాలి. ఆ ప్రెస్సులో అచ్చయిన దేవతల బొమ్మలు గుడిలోకి రానివ్వని వాళ్ల ఇళ్లకూ వెళ్లాయి. అది చిన్న మేలు కాదు. అయితే అక్కడ మూలం తైలవర్ణ చిత్రం, అచ్చు దాని అనుసరణ. ఆ ఒక్క రకాన్ని చూసి మొత్తం కళకు పేరు పెట్టాం. రంగులు విడదీసి రాళ్ల మీదికి ఎక్కించిన పనివాళ్ల నేర్పును కూడా మరిచాం. అదే కాలంలో లక్నోలో, హైదరాబాదులో ఉర్దూ కాతిబుల, అంటే అందంగా రాసే లేఖకుల, చేతిరాత రాతి మీద నుంచే పుస్తకమైంది. అక్కడ అచ్చంటే కాతిబు హస్తమే.

ఈ కళను ప్రపంచంలో ముందుకు నడిపినవారిలో మనవాడు ఉన్నాడు. 1925లో చిత్తూరు జిల్లాలో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, లండన్ మీదుగా పారిస్ వెళ్లి, హేటర్ నడిపిన అచ్చుచిత్రాల కార్యశాల అటెల్యే 17లో చేరాడు. ఎచింగు అంటే లోహపు రేకును ఆమ్లంతో తినిపించి, లోతైన గీతల్లోని సిరాతో అచ్చు తీయడం. అంతవరకు రంగుల ఎచింగుకు సాధారణంగా రంగుకో రేకు కావలసివచ్చేది. శిల్పి అయిన కృష్ణారెడ్డి ఒకే రేకును రకరకాల లోతుల్లో చెక్కాడు. నూనె ఎక్కువ కలిపిన పలుచని సిరాను గట్టి రోలరుతో పైమట్టాలకు పట్టించి, చిక్కని సిరాను మెత్తని రోలరుతో లోతుల్లోకి దించాడు. పలుచని సిరా ఉన్నచోట చిక్కనిది అంటలేదు. అన్ని రంగులూ ఒకే లాగుడులో దిగాయి. సెనెఫెల్డర్ జిడ్డుకూ నీటికీ మధ్య చూసిన వైరాన్ని సహాధ్యాయులతో కలిసి ఆయన సిరాకూ సిరాకూ మధ్య సాధించాడు. 1963 నాటి ‘వర్ల్‌పూల్’ చూడండి. ఏ కుంచె పనికీ అది నకలు కాదు. ఆ రేకు లేనిదే ఆ సుడి లేదు.

మనవాడే అయిన మరో చిత్రకారుడు, నిజాంపూర్ నుంచి వచ్చిన లక్ష్మాగౌడ్, మెదక్ పల్లెల మనుషుల్ని, మేకల్ని, చెట్లనూ ఎచింగు గీతలో నిలిపాడు. ఈ ఇద్దరి పని గురించి తెలుగులో ఎన్ని పేజీలు చదివామో మనల్ని మనం ప్రశ్నించుకోవాలి.

ఈ సదస్సు మూడు తీర్మానాలు చేయాలని కోరుతున్నాను. పాత ప్రెస్సుల్లో లితో రాళ్లు ఎక్కడ మిగిలినా జాబితా రాసి కాపాడాలి. అచ్చుచిత్రాన్ని ప్రదర్శించే ప్రతిచోటా పద్ధతి, అది ఎన్నో ప్రతి అన్న వివరం, అచ్చు తీసిన కార్మికుడి పేరు రాయాలి. ఇక్కడ చదివే పత్రాలు ముందు తెలుగులో పుస్తకంగా రావాలి. ఈ మూడూ మన చేతిలో ఉన్న పనులే. వీటిని ఈ సభలోనే ఆమోదించి, బాధ్యులను కూడా ఇక్కడే నిర్ణయించుకుందామని ప్రతిపాదిస్తూ సెలవు తీసుకుంటున్నాను.