కారులో బిడ్డకు చోటు

తల్లి ఒడిని మించిన చోటు బిడ్డకు లేదని మనమందరము నమ్ముదుము. ఇంటిలో అది నిజము. పరుగిడు కారులో కాదు. గంటకు 50 కిలోమీటర్ల వేగమున కారు దేనినైన ఢీకొన్నచో, ఏ చేతులును పసిబిడ్డను పట్టి నిలుపజాలవు. అందుచేతనే 2019 నాటి మోటారు వాహనముల సవరణ చట్టము 14 ఏండ్లలోపు పిల్లలకు బెల్టుగాని, పిల్లల సీటుగాని ఉండవలెనని విధించినది.

పసివారి తల బరువు, మెడ లేత. కావున వారి సీటును వెనుక వరుసలో, బిడ్డ ముఖము కారు వెనుకకు తిరిగియుండునట్లు బిగించినచో, దెబ్బ మెడపై పడక వీపంతటికిని పంచబడును.

డిక్కీలో బరువులను అడుగున, సీటు వీపునకు ఆనించి పెట్టవలెను. డిక్కీకి తాళము వేయవలెను. దాగుడుమూతలాడుచు అందు దూరిన బిడ్డకు ఎండవేడిమి ప్రాణాంతకము.

బిడ్డ ఏడ్చినను సరే, బండి ఆగువరకు పట్టీ విప్పక యుందము.