చూపున్నవారి షుక్ర్
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే మా వంటివాళ్లకు తెలుగులో ప్రసంగమంటే కొంచెం జంకే. అయినా కార్యదర్శి గారు "మన పిల్లల్లో చాలామంది ఇప్పుడు తెలుగే చదువుతున్నారు, తెలుగులోనే చెప్పండి" అని ఆజ్ఞాపించారు. మాట ఎక్కడైనా ఉర్దూలోకి జారితే సర్దుకుని వినండి.

ఈ రోజు మేము ఎత్తుకున్న విషయం షుక్ర్, అనగా కృతజ్ఞత. నోటితో అనడానికి ఇంతకంటే తేలికైన మాట లేదు. అన్నం తిన్నాక అంటాం, తుమ్మితే అంటాం, ఎవరైనా "బాగున్నారా" అంటే అంటాం. కానీ మన ఉలమా షుక్ర్‌కు మూడు చోట్లు చెప్పారు. మనసు, నాలుక, అవయవాలు. మనసు మేలును గుర్తించాలి. నాలుక దాన్ని పలకాలి. కళ్లు, చేతులు, కాళ్లు ఆ మేలును మంచి పనిలో వాడాలి. మొదటి రెండూ మనకు బాగానే వచ్చు. మూడోదాని సంగతే ఈ పూట మాట్లాడుకుందాం.

పోయిన ఆగస్టులో మా బడి స్టాఫు రూములో వైరు కుర్చీలన్నీ కుంగిపోయాయి. అల్లేందుకు ఇద్దరు వచ్చారు. ఒకరికి యాభై ఏళ్లుంటాయి, ఇంకొకరు కుర్రవాడు. ఇద్దరికీ చూపు లేదు. కుర్చీ చట్రాన్ని వేళ్లతో తడిమి, చుట్లు లెక్కపెట్టుకుని, వైరు లాగి బిగించుకుంటూ పోయారు. రెండు రోజుల్లో ఏడు కుర్చీలు అల్లేశారు. ఎక్కడా ఒక వరస తప్పలేదు.

రెండో రోజు మధ్యాహ్నం బాగా మబ్బు పట్టి, కరెంటు పోయింది. గదిలో చీకటి. మేమంతా దిద్దుతున్న కాగితాలు పక్కనపెట్టి వరండాలోకి వచ్చేశాము. లోపల వైరు లాగుతున్న చప్పుడు మాత్రం ఆగలేదు. అది విని మాలో ఒక సోదరుడు "అల్లా దయ, మనకు కళ్లిచ్చాడు, షుక్ర్ చేసుకోవాలి" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. లోపలినుంచి ఆ పెద్దాయన నవ్వుతూ జవాబిచ్చాడు. "మమ్మల్ని చూసి షుక్ర్ చేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు సార్. పని చెప్పేవాళ్లే తక్కువ."

సోదరులారా, ఈ మాట మేము ఎన్నో రోజులు మనసులో తిప్పుకున్నాము. ఒకరి కష్టాన్ని చూసి మన సుఖాన్ని గుర్తు చేసుకోవడం తప్పని మేము అనము. కానీ అక్కడితో ఆగిపోతే ఏమవుతుంది? ఎదుటి మనిషి మనకొక పాఠం మాత్రమే అవుతాడు. మనం పాఠం నేర్చుకుని ఇంటికి పోతాం, ఆయన బస్టాండులో నిలబడే ఉంటాడు. మనకు మనసు తేలికపడింది, ఆయనకు ఒరిగిందేమీ లేదు.

సాయంత్రం కూలి ఇచ్చేటప్పుడు ఇంకొకటి చూశాము. పెద్దాయన ఒక్కొక్క నోటునూ వేళ్ల మధ్య కొలుచుకున్నాడు. మీరెప్పుడైనా గమనించారా? ఇప్పటి 500 నోటు పొడవు 150 మిల్లీమీటర్లు, 200 నోటు 146, కొత్త 100 నోటు 142. తేడా నాలుగేసి మిల్లీమీటర్లు! ఆ నాలుగు మిల్లీమీటర్ల మీద, ఇచ్చేవాడి ఈమాన్ మీద ఆయన సంసారం నడుస్తున్నది. మాలో ఒకరు కూలి మీద మరో వంద పెట్టబోతే "ఇది దేనికి సార్? ఇంకో కుర్చీ ఉంటే చెప్పండి, అల్లి తీసుకుంటాను" అని తిరిగి ఇచ్చేశాడు.

ఇది మన దీన్‌లో కొత్త సంగతేమీ కాదు. హజ్రత్ అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ గారు చూపులేని సహాబీ. ఖురాన్‌లో 80వ సూరా, సూరా అబస, ఆయన ప్రస్తావనతోనే మొదలవుతుంది. గొప్పవారితో మాటల్లో పడి, నేర్చుకోవాలని వచ్చిన ఈయన వైపునుంచి ముఖం తిప్పుకోరాదని అందులో హితవు ఉన్నది. తరువాత మదీనాలో హజ్రత్ బిలాల్ గారితోపాటు ఈయన కూడా ముఅజ్జిన్ అయ్యారు. ప్రవక్త (స) ప్రయాణమై వెళ్లినప్పుడు ఒకటికంటే ఎక్కువసార్లు మదీనా బాధ్యత ఈయనకు అప్పగించి వెళ్లారు. రంజాన్‌లో ఈయన అజాన్ వినపడేదాకా జనం సహరీ తినేవారు. తెల్లవారిందని చూపున్నవారు చెబితే, ఆయన అజాన్ ఇచ్చేవారు. చూపు వాళ్లది, గొంతు ఆయనది. ఇద్దరూ కలిస్తేనే ఊరికి తెల్లవారేది. మేము చెప్పే మూడో షుక్ర్ అంటే ఇదే.

ఇంకొక ఉదాహరణ వినండి. ఫ్రాన్సు దేశంలో 1809లో లూయీ బ్రెయిలీ పుట్టాడు. తండ్రి గుర్రపు జీనులు కుట్టేవాడు. మూడేళ్ల వయసులో తండ్రి పనిముట్లతో ఆడుకుంటూ ఉండగా తోలుకు చిల్లు పొడిచే ఆర కంట్లో గుచ్చుకున్నది. చీము పట్టి రెండో కన్ను కూడా పోయింది. ఆ పిల్లవాడే 1824లో, పదిహేనేళ్ల వయసులో, ఆరు చుక్కల లిపి తయారు చేశాడు. ఆరు చుక్కలతో 63 గుర్తులు వస్తాయి. మన దేశ భాషలన్నిటికీ ఉమ్మడిగా భారతీ బ్రెయిలీ 1951లో వచ్చింది. తమాషా ఏమిటంటే ఉర్దూను మనం కుడినుంచి ఎడమకు చదువుతాం గదా, బ్రెయిలీలో మాత్రం ఉర్దూను కూడా తెలుగు మాదిరే ఎడమనుంచి కుడికి చదువుతారు. వేళ్లకు మా మీడియం, మీ మీడియం అనే భేదం లేదన్నమాట!

ఇక మన బస్తీ సంగతికి వద్దాం. మన వీధిలోనే ఒక ఇంట్లో తొమ్మిదేళ్ల పాప ఉన్నది. పుట్టుకతోనే చూపు లేదు. అన్న ఇంట్లో వల్లె వేస్తుంటే విని పన్నెండో ఎక్కం దాకా నేర్చుకున్నది. మేము అడిగితే తడుముకోకుండా అప్పజెప్పింది. బడి గడప మాత్రం ఇంతవరకు తొక్కలేదు. తండ్రిని అడిగితే "చూపులేని పిల్లకు చదువెందుకు మాస్టారూ, మేమున్నన్నాళ్లు మేము చూసుకుంటాం" అన్నాడు. ఆయనకు పాప మీద ప్రేమ లేక కాదు. దారి తెలియక. ఆయన లేని రోజున ఆ పాపకు ఎవరున్నారు? 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఇటువంటి పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కు ఉన్నది. దగ్గరి బడిలోనైనా సరే, ప్రత్యేక బడిలోనైనా సరే. మేము ఒక్కరమే వెళ్తే మాస్టారి చాదస్తం అనుకుంటారు. సొసైటీ పెద్దలు నలుగురు, వారితోపాటు ఇద్దరు తల్లులు కలిసి వెళ్తే ఆ ఇంటి తలుపు తెరుచుకుంటుంది. ఈ సభ అయిపోగానే ఎవరెవరు వస్తారో పేర్లు ఇవ్వవలసిందిగా విన్నవించుకుంటున్నాము.

మిగతావి ప్రతి ఇంటా చేయగలిగిన పనులు. ఇంట్లో పెద్దవాళ్లకు మోతియాబింద్, అంటే కంటి శుక్లం, వస్తే "పెళ్లి అయ్యాక చూద్దాం, పండగ వెళ్లాక చూద్దాం" అని వాయిదా వేయకండి. చిన్న ఆపరేషన్‌తో చాలామందికి చూపు తిరిగి వస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఖర్చు కూడా ఉండదు. చక్కెర జబ్బు ఉన్నవారు కళ్లు బాగానే కనిపిస్తున్నా ఏడాదికోసారి కంటి లోపలి పొరను పరీక్ష చేయించుకోవాలి. అక్కడ పోయిన చూపు తిరిగి రావడం కష్టం. తల్లులు తొమ్మిదో నెలనుంచి ఐదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి పిల్లలకు విటమిన్ ఏ మందు తాగించాలి, ఆకుకూర పెట్టాలి. రేచీకటి దగ్గరికి రాదు.

బస్టాండులో తెల్లకర్ర పట్టుకున్న మనిషి కనబడితే రెక్క పట్టుకుని లాగకండి. "ఏ బస్సు కావాలి?" అని మామూలు గొంతుతో అడగండి. ఆయనకు లేనిది చూపు, చెవులు కావు. మీ చేతిని అందించండి, ఆయనే పట్టుకుంటాడు. కుర్చీ అల్లించాలన్నా, నవారు మంచం బిగించాలన్నా ఆ పని తెలిసిన అంధ సోదరులను పిలవండి. బేరమాడితే అందరితో ఆడినట్టే ఆడండి, కూలి మాత్రం లెక్కపెట్టి, నోటు పేరు పలికి చేతిలో పెట్టండి.

అల్లా మనకు చూపు ఇచ్చాడు. ఆ చూపుతో ఒక నంబరు చదివి చెప్పడం, ఒక పాపను బడిదాకా నడిపించడం మనవల్ల అయ్యే పనులే. చూపుకు తగిన షుక్ర్ చేసుకునే తౌఫీఖ్ మనందరికీ ప్రసాదించుగాక, ఆమీన్.