రాణిగారి గుర్రం పొట్టిదయింది, స్వారీ మాత్రం ఆగలేదు

(డ్యూటీ టైమింగుల వల్ల వినలేకపోయినవాళ్ళ కోసం ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడింది ఇక్కడ రాసి పెడుతున్నాం.)

దుబాయ్‌లో, కువైట్‌లో, మస్కట్‌లో డ్యూటీ అయ్యి రూముకి చేరినవాళ్ళకీ, ఇక్కడ ఇంగ్లండ్‌లో నైట్ షిఫ్టుకి బస్సు కోసం నిలబడ్డవాళ్ళకీ, అందరికీ స్వాగతం.

ఈ వారం విషయం కొంచెం వింతగా ఉంటుంది. ఒక పెద్దావిడ, ఆవిడ గుర్రాలు. ఆ పెద్దావిడ రెండో ఎలిజబెత్ రాణి. "మనకి రాణిగారితో ఏం పని?" అని ఆపేయకండి. ఈమధ్య మీరు పంపిన వాయిస్ మెసేజుల్లో ఒకే బెంగ ఎక్కువగా వినిపించింది. ఊళ్ళో నాన్న డెబ్బై దాటినా బండి తీస్తున్నాడు, అమ్మ ఇంకా మేడెక్కి వడియాలు పెడుతోంది, చెప్తే వినరు, పడితే చూసేదెవరు? దీని గురించి ఆలోచిస్తుంటే నాకు రాణిగారి గుర్రపు స్వారీ గుర్తొచ్చింది. ఎందుకో చెప్తాను.

రాణిగారు 1926 ఏప్రిల్‌లో పుట్టారు. నాలుగో పుట్టినరోజుకి తాతగారు, అంటే అయిదో జార్జి రాజు, ఒక చిన్న షెట్లండ్ పోనీని ఇచ్చారు. దాని పేరు పెగ్గీ. అక్కడ మొదలైంది. 2020లో, కోవిడ్ లాక్‌డౌన్ టైములో, మే నెలాఖరున ఒక ఫొటో బయటికి వచ్చింది. విండ్సర్ కోట పక్కనున్న హోమ్ పార్కులో, నల్ల పోనీ మీద, తలకి స్కార్ఫ్ కట్టుకుని, పగ్గాలు పట్టుకుని నిటారుగా కూర్చుని ఉన్నారు. అప్పటికి ఆవిడ వయసు 94. నాలుగు నుంచి తొంభై నాలుగు. తొంభై ఏళ్ళ స్వారీ!

"రాణి కదా, ఏమైనా చేస్తుంది" అనిపిస్తుంది. కానీ ఈ తొంభై ఏళ్ళూ ఒకే రకంగా సాగలేదండీ. మధ్యలో చాలా మారాయి. ఆ మార్పుల గురించే ఈరోజు నా మాట.

ఇక్కడ ప్రతి జూన్‌లో లండన్‌లో రాజు అధికారిక పుట్టినరోజు కవాతు జరుగుతుంది. ట్రూపింగ్ ద కలర్ అంటారు. అందులో రాణిగారు తనే గుర్రమెక్కి వెళ్ళేవారు. 1969 నుంచి 1986 దాకా వరసగా 18 కవాతులు ఒకే గుర్రం మీద చేశారు. దాని పేరు బర్మీజ్. నల్ల ఆడ గుర్రం, కెనడా మౌంటెడ్ పోలీసులు కానుకగా ఇచ్చింది. కవాతులో ఆవిడ రెండు కాళ్ళూ ఒకే పక్కకి వేసి కూర్చునేవారు. అది చాలా కష్టం. గుర్రాన్ని నడిపించేది చేతులొక్కటే కాదు, రెండు పక్కలా మన కాళ్ళు ఇచ్చే ఒత్తిడి కూడా. ఒక పక్కకి కూర్చుంటే రెండో పక్క కాలు ఉండదు. అక్కడ కాలికి బదులు చిన్న బెత్తం వాడాలి.

1981 కవాతుకి వెళ్తుంటే, మాల్ అనే ఆ పెద్ద రోడ్డు మీద, జనంలోంచి ఒక 17 ఏళ్ళ కుర్రాడు ఆరు రౌండ్లు కాల్చాడు. అవి ఉత్తుత్తి తూటాలని ఆ క్షణంలో ఎవరికీ తెలియదు. బర్మీజ్ బెదిరింది. రాణిగారు పగ్గాలు బిగించి, కొద్ది క్షణాల్లోనే దాన్ని అదుపులోకి తెచ్చి, కవాతు ఆపకుండా ముందుకి వెళ్ళిపోయారు. అప్పుడు ఆవిడకి 55 ఏళ్ళు. అప్పటిదాకా ఆవిడ స్వారీని ఏదో షోకు అనుకున్నవాళ్ళకి కూడా ఆ రోజు అది నేర్చిన పని అని అర్థమైంది.

ఇక్కడ మొదటి మార్పు. 1986 తర్వాత బర్మీజ్‌కి రిటైర్మెంట్ ఇచ్చారు. ఆవిడకి అప్పుడు 60. కవాతుకి ఇంకో గుర్రాన్ని తయారు చేయించుకోలేదు. 1987 నుంచి కవాతుకి గుర్రబ్బండిలో వెళ్ళడం మొదలుపెట్టారు. అంటే జనం ముందు, తుపాకుల మోతల మధ్య, ఒక పక్కకి కూర్చుని చేసే కష్టమైన స్వారీ మానేశారు. అసలు స్వారీ మానలేదు.

రెండో మార్పు గుర్రం ఎత్తు. ఇక్కడ గుర్రాన్ని హ్యాండ్స్‌లో కొలుస్తారు. ఒక హ్యాండ్ అంటే నాలుగు అంగుళాలు. నేల నుంచి మూపు దాకా లెక్క. ఇక్కడి రాజ అశ్వదళం గుర్రాలు మామూలుగా 16 హ్యాండ్స్ పైనే ఉంటాయి, అంటే అయిదడుగుల నాలుగంగుళాలు. వయసు మీద పడ్డాక రాణిగారు ఎక్కినవి ఫెల్ పోనీలు. ఇంగ్లండ్ ఉత్తరాన కంబ్రియా కొండల్లో పుట్టిన జాతి. ఒకప్పుడు గనుల సరుకు మోసిన గుర్రాలు. గట్టి కాళ్ళు, గతుకుల్లోనూ తడబడని అడుగు. వీటి ఎత్తు 14 హ్యాండ్స్ దాటకూడదు, అంటే నాలుగడుగుల ఎనిమిదంగుళాలు. ఎనిమిది అంగుళాల తేడా మనకి చిన్నదే. జీనెక్కాల్సిన మోకాళ్ళకి అది చాలా పెద్ద తేడా.

పడలేదా అంటే, పడ్డారు. 1994 జనవరిలో సాండ్రింగ్‌హామ్‌లో గుర్రం తడబడి, ఎడమ మణికట్టు విరిగింది. 67 ఏళ్ళ వయసులో. మన ఇళ్ళలో అయితే ఆ రోజుతో కథ ముగిసేది. "ఇంక చాలు, గుర్రం అమ్మేయండి" అనేవాళ్ళం. అక్కడ కథ ఇంకో పాతికేళ్ళు నడిచింది.

హెల్మెట్ విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే మీలో కొందరు అడుగుతారు. ఆవిడ మామూలు స్వారీలో హెల్మెట్ పెట్టుకునేవారు కాదు, స్కార్ఫే. ఈ దేశంలో 14 ఏళ్ళ లోపు పిల్లలు రోడ్డు మీద గుర్రమెక్కితే హెల్మెట్ తప్పనిసరి అని 1990లో చట్టం వచ్చింది. పెద్దవాళ్ళకి ఆ చట్టం లేదు. చాలామంది ఆవిడని విమర్శించారు కూడా. నేను దాన్ని మెచ్చుకోవడం లేదు. మీ నాన్నగారు బండి తీస్తే హెల్మెట్ పెట్టుకోవాల్సిందే.

ఆవిడ భర్త ఫిలిప్‌గారిది ఇంకో దారి. ఆయన పోలో ఆడేవారు. మణికట్టు కీళ్ళవాతం వల్ల దాదాపు 50 ఏళ్ళప్పుడు పోలో మానేశారు. ఇంట్లో కూర్చోలేదు. గుర్రబ్బండ్ల పోటీల్లోకి దిగారు. ఆ ఆటకి అంతర్జాతీయ నియమాలు రాయడంలో కూడా ఆయన చెయ్యి ఉంది. పోలో కర్ర వదిలి బండి పగ్గాలు పట్టారు. 2021లో ఆయన అంత్యక్రియల రోజు కోటలో ఆయన బండిని, రెండు ఫెల్ పోనీలని కట్టి నిలబెట్టారు. సీటు మీద ఆయన టోపీ, చేతి తొడుగులు పెట్టారు.

ఇప్పుడు మీరడిగే ప్రశ్న నాకు తెలుసు. "అన్నా, వాళ్ళకి గుర్రపుశాలలు, డాక్టర్లు, పనివాళ్ళు. మా అమ్మకి ఎవరున్నారు?" న్యాయమైన ప్రశ్న. దాటేయను.

రాణిగారి స్వారీ ఆవిడ ఒక్కరి గొప్పతనం కాదు. తెల్లవారుజామున లేచి గుర్రానికి మేత వేసి, లద్దె ఎత్తి, గిట్టలు శుభ్రం చేసి, జీను బిగించే మనుషులు ఉన్నారు. విండ్సర్‌లో పెద్ద గ్రూమ్ టెర్రీ పెండ్రీగారు ఏళ్ళ తరబడి ఆవిడ పక్కన ఇంకో గుర్రం మీద వెళ్ళేవారు. ఇలాంటి పని మనకి కొత్త కాదు. ఇంగ్లండ్ రేసు గుర్రాల శాలల్లోనూ, గల్ఫ్ శాలల్లోనూ మన దేశం నుంచి వచ్చినవాళ్ళు ఇదే పని చేస్తున్నారు. వింటున్నవాళ్ళలోనూ ఉండొచ్చు.

డబ్బుతో వచ్చింది ఏంటి? పార్కు, పోనీ, జీతగాళ్ళు. అది మన దగ్గర లేదు. డబ్బుతో సంబంధం లేనిది ఏంటి? ఆవిడ చుట్టూ ఉన్నవాళ్ళు "ఎక్కాలా వద్దా" దగ్గర ఆగిపోలేదు. "ఎలా ఎక్కితే బాగుంటుంది" అన్న చోటికి వచ్చారు. ఎత్తు తగ్గింది, చోటు మారింది, పక్కన మనిషి తోడున్నాడు. ఈ మూడూ మార్చి, ఇష్టమైన పనిని మిగిల్చారు.

నేను ఇక్కడ కేర్ హోమ్‌లో పని చేస్తాను. ఈ దేశంలో మెంటల్ కెపాసిటీ యాక్ట్ 2005 అని ఒక చట్టం ఉంది. మా ట్రైనింగులో చెప్తారు. ఒక మనిషి తెలివితక్కువ నిర్ణయం తీసుకున్నంత మాత్రాన, అతనికి నిర్ణయించుకునే శక్తి లేదని అనుకోకూడదు. నాకు బాగా నచ్చిన మాట అది. మా దగ్గర ఒక పెద్దాయనకి తన టీ తనే కాచుకోవాలని పట్టుదల. వేడి నీళ్ళు, చేతులకి వణుకు. వద్దని చెప్పడం చాలా తేలిక. కానీ రిస్క్ అసెస్‌మెంట్ రాసి, చిన్న కెటిల్ తెచ్చి, ఒక కప్పుకి సరిపడా నీళ్ళే పోసి, పక్కన ఒకరు నిలబడేలా ఏర్పాటు చేశారు. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు ఆయన ఆ ఇంట్లో పేషెంట్ కాదు, నాకు కూడా టీ కలిపి ఇచ్చే మనిషి.

ఇంక మన ఇళ్ళు. మా నాన్నగారికి 74. ఎక్సెల్ బండి మీద చేనుకి వెళ్తారు. బండి అమ్మేద్దామని తమ్ముడు అన్నాడు. ఒక ఆదివారం వీడియో కాల్‌లో ముగ్గురం కూర్చుని, వద్దు అనే మాట పక్కనపెట్టి, ఆయన రోజు ఎలా గడుస్తుందో అడిగాం. తేలింది ఏంటంటే, ఆయనకి కావాల్సింది పొద్దున్నే నీళ్ళు ఎలా పారుతున్నాయో చూడడం, కాలవ గట్టు మీద పాకలో నలుగురితో టీ. భయపడాల్సింది సాయంత్రం చీకట్లో హైవే దాటడం. అంతే. ఇప్పుడు ఉదయం పూట కాలవ గట్టు దారిలోనే వెళ్తారు, ఎండ ముదరకముందే వచ్చేస్తారు, హెల్మెట్, జేబులో ఫోను. కౌలుకి చేసే అబ్బాయి ఆయన రాకపోతే ఇంటికి ఫోన్ చేస్తాడు. బండి ఉంది. హైవే పోయింది.

అన్నిటికీ ఇలా కుదురుతుందని చెప్పను. చూపు పోయినవాళ్ళు, దారి మర్చిపోయేవాళ్ళు రోడ్డు మీద బండి నడపకూడదు. రాణిగారు తన పార్కులో పడితే ఆవిడకే దెబ్బ. రోడ్డు మీద బండి ఇంకొకరి బిడ్డకి తగలొచ్చు. అక్కడ ఆపాల్సిందే. ఆపినప్పుడు మాత్రం దాని బదులు ఏముంటుందో కూడా ఆలోచించాలి. ఫిలిప్‌గారికి పోలో పోయాక గుర్రబ్బండి దొరికింది కదా.

అందుకే ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు మూడు విషయాలు అడగండి. ఆ పనిలో నీకు నిజంగా ఇష్టమైంది ఏది? అందులో ప్రమాదం సరిగ్గా ఎక్కడుంది? ఆ ఒక్కచోట ఏం మార్చొచ్చు, ఎవరు తోడుండగలరు? మనం వేల మైళ్ళ దూరం నుంచి చెప్పే "వద్దు" మన భయాన్ని తగ్గిస్తుందేమో. అమ్మకి మాత్రం మేడ మీద ఎండ, పక్కింటివాళ్ళతో కబుర్లు, అన్నీ ఒక్కసారే పోతాయి.

రాణిగారికి కూడా చివరికి శరీరం సహకరించలేదు. 2022 మే 10న నడవడం కష్టమై పార్లమెంటు ప్రారంభానికి వెళ్ళలేకపోయారు. మూడు రోజులకే విండ్సర్ గుర్రాల ప్రదర్శనకి వచ్చారు. 1943లో మొదటిసారి జరిగినప్పుడు అమ్మాయిగా వెళ్ళిన ప్రదర్శనే అది. కారులో కూర్చుని, అద్దం దించుకుని, తన గుర్రాలని చూసి నవ్వారు. ఎక్కడం అయిపోయాక, చూడడం మిగిలింది. అదే సెప్టెంబరు 8న, 96 ఏళ్ళకి వెళ్ళిపోయారు. అంత్యక్రియల రోజు శవపేటిక విండ్సర్‌లో సాగుతుంటే, దారి పక్కన ఎమ్మా అనే ఆవిడ ముసలి ఫెల్ పోనీ నిలబడి ఉంది. దాని కళ్ళెం పట్టుకుని నిలబడింది గ్రూమ్ పెండ్రీగారు.

ఈ వారానికి ఇంతేనండీ. మీ ఇంట్లో పెద్దవాళ్ళు వదలని పని ఏంటో, దానికి మీరు ఏ దారి వెతికారో వాయిస్ మెసేజ్ పంపండి, వచ్చే వారం వినిపిస్తాను. ఎండలో పనిచేసేవాళ్ళు నీళ్ళు తాగడం మర్చిపోకండి. ఉంటాను మరి. నమస్కారం.