కనబడని బోల్టు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నన్ను నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు కోరిరి. నేను పండితుడను గాను. వక్తను అసలే గాను. విమాన శిక్షణ సంస్థల కార్ఖానాలలో పిస్టను ఇంజనులను విప్పుట, కడుగుట, కొలుచుట, మరల బిగించుట — ఇదియే నా జీవితకాలపు వృత్తి. ఎవరి కెంత తెలియునో అంతే చెప్పుట మర్యాద గనుక, ఆ ఇంజనులలోని బేరింగులను గూర్చియు, బోల్టులను గూర్చియు నేడు మీకు మనవి చేసెదను.

పల్లెటూరివారికి విమానముతో పని యేమని మీలో కొందరికి తోచవచ్చును. మీ పొలములోని నూనె ఇంజను, మీ ట్రాక్టరు, శిక్షణ విమానపు ఇంజను — ఇవి మూడును దగ్గర చుట్టములే. మూడింటిలోను పిస్టను పైకి క్రిందికి ఆడును. కనెక్టింగు రాడ్డు ఆ ఆటను క్రాంకుషాఫ్టునకు అందించి తిప్పును. భేద మొక్కటే. పొలములో ఇంజను ఆగినచో మడి తడువదు. ఆకాశములో ఆగినచో, ప్రక్కకు తీసి నిలుపుటకు త్రోవ ఉండదు.

మా తండ్రిగారు బండ్లు చేయు వడ్రంగి. ఎంత తొందరయైనను, దూరప్రయాణమునకు ముందు ఇరుసునకు కందెన పెట్టక, చీలను చేతితో తాకి చూడక బండిని కదలనిచ్చెడివారు కారు. నా వృత్తిలోని సారమంతయు ఆ రెండు పనులలోనే ఉన్నదని నాకు చాలకాలమునకు గాని తెలియలేదు. బేరింగు పరీక్ష యనగా కందెన పని. బోల్టు పరీక్ష యనగా చీల పని.

ముందుగా బేరింగు సంగతి. క్రాంకుషాఫ్టు ఉక్కు కడ్డీ. అది తిరుగుచోట్ల దానిని రెండు అర్ధచంద్రాకారపు రేకులు కౌగిలించుకొని యుండును. ఆ రేకుల వెనుకభాగము ఉక్కు. లోపలి ముఖమున మెత్తని లోహపు పూత ఉండును. షాఫ్టునకును రేకునకును నడుమ సందు తలవెండ్రుక మందమంత మాత్రమే. ఆ సందులో నూనె నిండియుండును. ఇంజను సరిగా తిరుగుచున్నప్పుడు ఉక్కు ఈ మెత్తని లోహమును తాకనే తాకదు. నూనెపొరపై తేలుచు తిరుగును. ఈ రహస్యమును 1883లో ఇంగ్లండునందు బోషాం టవర్ అను ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగులపై ప్రయోగములు చేయుచు కనిపెట్టెను. బేరింగు పైభాగమున నున్న నూనె రంధ్రమునకు ఆయన బిరడా బిగించగా, లోపలి నూనె ఒత్తిడి ఆ బిరడాను పైకి నెట్టివేసెను. తిరుగుడు వలననే నూనె ఇంతటి బలమును పొందుచున్నదని తెలిసినది. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్సు దానికి గణితమును సమకూర్చెను.

మరి తాకని లోహము ఏల అరుగును? ఇంజను మొదలుపెట్టు క్షణములలో నూనెపొర ఇంకను ఏర్పడి యుండదు. నూనెలో మట్టి చేరినను, తేమ చేరినను, ఇంజను వేడెక్కి నూనె పలుచబడినను పొర తెగును. వాడక యుంచిన ఇంజనునకు కీడు మరింత ఎక్కువ. వానకాలమున నెలల తరబడి షెడ్డులో నిలిచిన విమానపు ఇంజను లోపల తుప్పు పట్టును. అప్పుడప్పుడు అయిదు నిమిషములు నేలపై తిప్పి ఆపివేసిన చాలునని కొందరు భ్రమపడుదురు. అట్లు చేసినచో నూనెలోని తేమ ఆవిరియగు నంత వేడి పుట్టదు. ఉన్న తేమకు కొత్త తేమ తోడగును.

బేరింగు ఆరోగ్యమును ఇంజను విప్పకయే తెలిసికొను మార్గములు కలవు. నూనె వడపోత డబ్బాను కోసి, అందలి కాగితపు మడతలను విప్పి వెలుతురున పరచి చూడవలెను. మిలమిల మెరయు తునకలున్నచో వానిపై అయస్కాంతము నాడించవలెను. అంటుకొన్నవి ఉక్కు లేక ఇనుము. అంటనివి అల్యూమినియమో, కంచు జాతివో, బేరింగు పూతయో. రంగును బట్టియు, ఆకారమును బట్టియు అవి ఏ భాగమునుండి రాలినవో ఊహించవచ్చును. వడపోతకు చిక్కనంతటి సూక్ష్మకణములను ప్రయోగశాలలో నూనెను మండించి, ఆ వెలుగును విడదీసి లెక్కింతురు. ఒకనాటి లెక్కకు అర్థము తక్కువ. వరుసగా పదిసార్లు వ్రాసియుంచిన లెక్క పదునొకండవసారి పెరిగినచో, అదియే హెచ్చరిక. నూనె ఒత్తిడి తగ్గుట, నూనె వేడి పెరుగుట అనునవి ఆలస్యముగా వచ్చు సాక్షులు. వానికొరకు కాచుకొనియుండుట వివేకము కాదు.

ఇక బోల్టుల సంగతి. బోల్టు బిగించుట యనగా రెండు వస్తువులను ఒకచోట చేర్చుట మాత్రమే యని చాలమంది అనుకొందురు. నిజమునకు బోల్టును బిగించునప్పుడు మనము దానిని లేశమాత్రము సాగదీయుచున్నాము. సాగిన బోల్టు రబ్బరుపట్టీ వలె వెనుకకు లాగుచు రెండు భాగములను అదిమిపట్టును. గడ్డిబండిపై మోకు బిగువుగా నున్నంత కాలము ఎన్ని గతుకులు వచ్చినను మోకునకు బాధ లేదు. వదులైన మోకు ప్రతి గతుకునకు ఝల్లుమని లాగబడి, పోగు పోగుగా తెగును. బోల్టు నీతియు ఇదియే. తగినంత బిగించిన బోల్టునకు ఇంజను కుదుపులలో స్వల్పభాగము మాత్రమే సోకును; వదులైన బోల్టు ప్రతి కుదుపును తానే మోయును.

ఆ కుదుపుల లెక్క వినుడు. నిమిషమునకు 2400 మార్లు తిరుగు ఇంజను గంటకు 1,44,000 మార్లు తిరుగును. అట్టి ఇంజనులకు పూర్తిగా విప్పి బాగుచేయుటకు 2000 గంటల గడువు సాధారణము. ఆ గడువులో షాఫ్టు ఇరువదియెనిమిది కోట్ల ఎనుబది లక్షల మార్లు తిరుగును. కనెక్టింగు రాడ్డు బోల్టులు రెండు చుట్లకొకమారు, పొగ వెడలగొట్టి పిస్టను పైకొసకు చేరినప్పుడు, ఆ పిస్టను ఊపునంతను లాగి ఆపవలెను. ఇన్ని కోట్ల లాగుళ్ళకు నిలుచునది బోల్టు లావు కాదు, బిగింపు.

ఆ బిగింపును కొలుచుటలో ఒక మోసము కలదు. కొలత చూపు పానాతో మనము ప్రయోగించు బలములో నూటికి సుమారు పదిపాళ్ళు మాత్రమే బోల్టును సాగదీయును. తక్కిన తొంబదిపాళ్ళు మరల రాపిడికిని, నట్టు అడుగు రాపిడికిని ఖర్చగును. కనుక పొడిగా బిగించవలసిన మరకు నూనె రాచినను, నూనె రాయవలసిన మరను పొడిగా నుంచినను, పానా ఒకే అంకెను చూపును గాని బోల్టులోని బిగువు వేరగును. అందుచేతనే కొన్ని ఇంజనుల రాడ్డు బోల్టులకు పానా లెక్కను నమ్మక, బోల్టు ఎంత సాగినదో మైక్రోమీటరుతో కొలుతురు. పూర్తిగా విప్పినప్పుడు పాత రాడ్డు బోల్టులు చూపునకు ఎంత నిగనిగలాడినను వానిని పారవేసి కొత్తవి వేయవలెను.

మీకు ముచ్చట గొలుపు సంగతి యొకటి చెప్పెదను. ఎదురెదురు సిలిండర్ల ఇంజనులలో క్రాంకుపెట్టె రెండు సగములుగా నుండును. వానిని పొడుగాటి బోల్టులు కలిపి పట్టును. బేరింగు రంధ్రములో సగము ఈ ప్రక్కను, సగము ఆ ప్రక్కను ఉండును. నడుమ కాగితపు ప్యాకింగు పెట్టినచో ఆ మందముచే రంధ్రము గుండ్రదనము కోల్పోవును. అందుచేత నూనె కారకుండుటకై అంచు వెంట పలుచని పూత రాచి, దానిపై సన్నని పట్టుదారమును పరచి బిగింతురు. లోహముల నడుమ మన చీరెల పట్టుదారము వంటిదే కాపలా కాయుచున్నది! పూత ఎక్కువైనను, నట్టు క్రింద రంగు మిగిలినను, అది కొన్నాళ్ళకు నలిగి బిగింపు జారును. బిగింపు జారగా పెట్టె సగములు ఒండొంటిపై రాచుకొనును. బేరింగు రేకు తన చోటినుండి కదలును. నూనె రంధ్రము మూతపడును. చిటికెడు రంగు ఒక ఇంజనును చంపగలదు.

ఇక పగుళ్ళు. 1842 మే 8వ తేదీన ఫ్రాన్సుదేశమున వెర్సెయిల్సునుండి పారిసు వచ్చుచున్న రైలు ఇంజను ఇరుసు విరిగి, యాబదిమందికి పైగా మరణించిరి. మంచి ఇనుము చిన్న బరువుల క్రిందనే ఏల విరిగినదని లోకము విస్తుపోయెను. జర్మనుదేశపు ఆగస్టు వోలరు అటుపిమ్మట సంవత్సరముల తరబడి ఇరుసులను తిప్పి పరీక్షించి, పలుమారులు వచ్చు స్వల్పభారము సైతము లోహమును అలయజేయునని నిరూపించెను. ఆ అలసట ఒక గీతలోనో, తుప్పు గుంటలోనో, మర మొదటనో కంటికి కానరాని పగులుగా పుట్టును. ఉక్కు భాగమునకు అయస్కాంతశక్తి నెక్కించి, సన్నని ఇనుపరజను కలిపిన ద్రవమును పోసినచో, రజను పగులు వెంట గీతవలె నిలుచును. పరీక్ష యయిన పిమ్మట ఆ అయస్కాంతశక్తిని తీసివేయుట మరువరాదు. లేనిచో ఆ భాగము తన రాపిడి రజనును తానే ఆకర్షించి బేరింగులకు తెచ్చిపెట్టును.

ఇప్పుడు నా సొంత కథ యొకటి చెప్పి ముగించెదను. అది 1997వ సంవత్సరము. ఒక శిక్షణ విమానము దిగునప్పుడు ముక్కు వంగి, ప్రొపెల్లరు కొస నేలను గీసినది. విద్యార్థికి దెబ్బ తగులలేదు. ప్రొపెల్లరును మార్చితిమి. ఇంజనును నేలపై తిప్పి చూచితిమి, వీణవలె పలికినది. నూనె ఒత్తిడి చక్కగా నున్నది. మరునాటి ఉదయము ఆ విమానముపై పందొమ్మిదేండ్ల యువతి యొకతె మొదటిసారి ఒంటరిగా ఎగురవలసియున్నదని పలకపై వ్రాసిరి. నేను పరీక్షాపత్రమున "ఇంజను సరిగా నున్నది" అని వ్రాసి, మా పెద్ద ఇంజనీరుగారి సంతకమునకై తీసికొనిపోతిని.

ఆయన చదివి, కండ్లద్దములు తీసి, "నాయనా, నీవు చూచినది వ్రాసితివా, అనుకొన్నది వ్రాసితివా?" అని అడిగెను. నేను ఉత్తర మీయలేకపోతిని. "ఇంజనును దింపుము. వెనుక పేటిక తెరువుము" అనెను. సంస్థ నిర్వాహకులు రోజులు వృథా యగునని కోపించిరి. ఆయన మారు పలుకక, తయారీదారుల పుస్తకమును తెరచి ఆ పుట వారి ముందుంచెను.

క్రాంకుషాఫ్టు వెనుక కొసన ఒక పండ్లచక్రము ఉండును. దానిని షాఫ్టునకు పట్టియుంచునది ఒకే యొక బోల్టు. దాని చోటు తప్పనీయనిది చిన్న పిన్ను. మేము తెరచి చూచునప్పటికి ఆ బోల్టు తాళపు రేకు ఒక ప్రక్కకు వంగియుండెను. బోల్టు కొద్దిపాటి బలమునకే కదలెను. పిన్ను అంచు నలిగియుండెను. ఆ చక్రము జారినచో కవాటములు తెరచు షాఫ్టు ఆగును. నూనె పంపు ఆగును. ఒకటి చెడినచో రెండవది యుండునని ధైర్యపడు మాగ్నెటోలు రెండును ఒకేసారి ఆగును. నా చేతులు చల్లబడినవి. ఆ పత్రమును నేనే చింపి, క్రొత్తది వ్రాసితిని. ఆ యువతి తొమ్మిది దినముల తరువాత ఎగిరి, చక్కగా దిగి, మాకందరకు మిఠాయి పంచెను. తాను ఏమి తప్పించుకొన్నదో ఆమె కెవరును చెప్పలేదు.

లైకమింగు ఇంజనులయందు ఇట్టి దెబ్బ తగిలిన పిమ్మట ఆ చక్రమును, పిన్నును పరీక్షించి, బోల్టును తాళపు రేకును మార్చవలెనని అమెరికా విమానయాన శాఖవారు 1991లోనే ఆజ్ఞ చేసి, 2004లో దానిని మరింత విస్తృతముగా మరల ప్రకటించిరి. ఆజ్ఞలు పుస్తకములలో నుండును. వానిని తెరచువాడు కావలెను.

మా పెద్ద ఇంజనీరుగారు ముప్పదియేండ్లు అదే పని చేసినను, ఒక్క నట్టునైనను జ్ఞాపకమును నమ్మి బిగించి యెరుగరు. ప్రతిసారి పుస్తకమును బల్లపై తెరచి, అంకెపై వ్రేలుంచి, నాచేత పైకి చదివించెడివారు. చదువునకును చేతిపనికిని నడుమ గోడ లేదని నాకు నేర్పిన గురువు ఆయనయే.

కావున ఈ రజతోత్సవమునాడు నాదొక విన్నపము. మన గ్రంథాలయమున కావ్యములు, నవలలు కలవు, సంతోషము. వాని ప్రక్కనే నూనె ఇంజనులు, ట్రాక్టర్లు, విద్యుత్ మోటార్లు బాగుచేయు పద్ధతులను తెలుపు పుస్తకములకు ఒక అర కేటాయింపుడు. నూనె మరకల చేతులతో వచ్చిన కుర్రవానిని గుమ్మమున ఆపకుడు. చేతులు కడుగుకొనుటకు ఒక కుండెడు నీళ్ళుంచుడు. ఆ అరకు మొదటి పుస్తకములుగా, నేను పనిలో వాడుకొన్న అయిదింటిని ఈ వేదికపైననే కార్యదర్శిగారి కప్పగించుచున్నాను. వాని పుటలకు నా వ్రేలిముద్రలు అంటియున్నవి, మన్నింపుడు.