అప్పు ఎవరిది? తప్పు ఎవరిది?
(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడు మనము మాట్లాడుకోవలసిన విషయం అప్పు. సభలో చెప్పుకోవడానికి అంత ఇంపైన విషయం కాదు. పిల్లల చదువుల గురించో, స్కాలర్‌షిప్పుల గురించో అయితే అందరం ఉత్సాహంగా వింటాము. అప్పు మాట ఎత్తగానే తల దించుకుంటాము. ఇంట్లో రోగం ఉంటే నలుగురికీ చెప్పుకుంటాము. అప్పు ఉంటే కట్టుకున్న భార్యకు కూడా చెప్పము. అప్పులవాడు ఎదురవుతాడేమోనని జుమా నమాజుకు వేరే మసీదు వెతుక్కునేవారు మనలో లేరా? అందుకే ఈ సంగతి ఇంత నిండు సభలో మాట్లాడటమే మంచిదని అనుకున్నాము.

మనవంటి ప్రతి సంఘంలోను ఒక వాదన నడుస్తూ ఉంటుంది. సాయం కోరుతూ ఒక దరఖాస్తు వస్తుంది. ఒక పెద్దమనిషి అంటారు: "ఎవరు చేయమన్నారు అప్పు? చేసినవాడే తీర్చుకోవాలి. వితంతువులకు, అనాథలకు ఇవ్వవలసిన పైసలు అప్పులవాళ్ళకు పోసి ఏం లాభం?" ఇంకొకరు అంటారు: "పేదవాడిని దోచుకుతింటున్నది బ్యాంకులు, ఫైనాన్సులు. వాడి తప్పు ఏమున్నదండీ?" ఇద్దరూ మంచివారే. ఇద్దరిదీ సొసైటీ మేలు కోరే మనసే. కాని ఆ కుటుంబం అప్పు కాగితాలు చూడకుండానే ఇద్దరూ తీర్పు చెప్పేస్తున్నారు.

మా మనవి ఒక్కటే. తీర్పుకు ముందు ఒక తెల్లకాగితం మీద మూడు గళ్ళు గీయండి. మొదటి గడిలో అసలు వ్రాయండి, అనగా చేతికి నిజంగా వచ్చిన డబ్బు. రెండవ గడిలో వడ్డీ. మూడవ గడిలో జరిమానాలు, ఫీజులు, చార్జీలు. అప్పు మొత్తం ఒకటే అంకెగా కనిపిస్తుంది గాని, ఆ అంకెలో మూడు వేరువేరు సంగతులు కలిసి ఉన్నాయి. వాటికి జవాబు చెప్పవలసినవారు కూడా వేరువేరు.

మొదట అసలు సంగతి. ఇది పూర్తిగా తీసుకున్నవాడి బాధ్యత. ఇందులో నీళ్ళు నమలవలసిన పని లేదు. దివ్య ఖురానులో అన్నిటికంటె పొడుగైన ఆయతు ఏ విషయం మీద వచ్చింది? అప్పును వ్రాసి పెట్టుకోవడం, సాక్షులను పెట్టుకోవడం మీద వచ్చింది. అప్పు మిగిల్చి చనిపోయిన ఒక మనిషి జనాజా వస్తే ప్రవక్త (స) తాము నమాజు చదివించడానికి ముందుకు రాలేదని, అబూ ఖతాదా (ర) ఆ అప్పు నాది అని పూచీ పడిన తరువాతనే చదివించారని హదీసులో ఉన్నది. దీనిలో రెండు పాఠాలు ఉన్నాయి. అప్పు అంత బరువైనదని ఒకటి. ఆ బరువును పక్కవాడు ముందుకు వచ్చి ఎత్తుకున్నాడని రెండవది. మనము మొదటి పాఠం చెప్పి రెండవది వదిలేస్తూ ఉంటాము.

బాధ్యత అన్నప్పుడు పెళ్ళిళ్ళ మాట చెప్పక తప్పదు. జోడే కీ రఖమ్ కోసం, ఫంక్షన్ హాలు కోసం, వలీమాలో పది రకాల వంటల కోసం చేసిన అప్పు గురించి బ్యాంకును తిట్టి లాభం లేదు. 'అప్పుచేసి పప్పుకూడు' అని సామెత. మన ఇళ్ళలో అది అప్పుచేసి బిర్యానీ అయింది. అయితే ఈ అప్పు ఆడపిల్ల తండ్రి ఒక్కడే చేస్తున్నాడా? అడిగినవారు ఉన్నారు గనుక చేస్తున్నాడు. తిని, బాగాలేదని వంక పెట్టే మనమూ ఉన్నాము గనుక చేస్తున్నాడు. ఆ భాగం మన లెక్కలో కూడా వ్రాయాలి.

ఇంకొక జాగ్రత్త. స్నేహం కొద్దీ జామీను సంతకాలు పెట్టేవారు మనలో ఎక్కువ. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, కాగితంలో వేరుగా వ్రాసుకుంటే తప్ప, జామీనుదారుడి బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. చదవకుండా పెట్టిన సంతకం కూడా సంతకమే.

ఇక రెండవ గడి, వడ్డీ. వడ్డీ హరామని మన పిల్లవాడిని అడిగినా చెప్తాడు. మరి మన పేటల్లో వడ్డీ వ్యాపారం ఎందుకు ఇంతగా సాగుతున్నది? పండ్లబండివాడికి తెల్లవారి మార్కెట్టులో సరుకు ఎత్తడానికి డబ్బు కావాలి. బ్యాంకుకు పోతే ఆస్తి కాగితం, జీతం కాగితం, జామీను అడుగుతారు. 2006లో వచ్చిన సచార్ కమిటీ రిపోర్టు, కొన్ని బ్యాంకులు ముస్లిములు ఎక్కువగా ఉండే ప్రాంతాలను అప్పు ఇవ్వరాని 'రెడ్ జోన్లు'గా గుర్తు పెట్టుకున్నాయని వ్రాసింది. మనిషిని చూడకుండా పేటను చూసి తలుపు వేస్తే ఆ మనిషి ఎక్కడికి పోవాలి? గిరిగిరివాడి దగ్గరికి పోతాడు. అతను గుమ్మం దగ్గరికే వస్తాడు, కాగితం అడగడు.

గిరిగిరి లెక్క ఒకసారి వేసి చూద్దాము. పదివేల అప్పు అంటారు. ముందే వెయ్యి పట్టుకుని 9,000 చేతికి ఇస్తారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. వినడానికి "వెయ్యి రూపాయలే గదా, వందకు పదే గదా" అనిపిస్తుంది. కాని రోజూ కడుతూ ఉంటే అప్పు తగ్గిపోతూ వస్తుంది. 100 రోజుల్లోను సగటున మన చేతిలో ఉన్నది 4,500 మాత్రమే. 4,500కు 100 రోజులకు వెయ్యి రూపాయల వడ్డీ అంటే, సంవత్సరానికి సుమారు 80 శాతం! నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ అంటే కూడా ఏడాదికి 36 అవుతుంది. ఇళ్ళు, కార్లు కొనేవారికి బ్యాంకులు ఎంతకు ఇస్తున్నాయో పేపర్లో చూడండి. ఉన్నవాడికి డబ్బు చౌక, లేనివాడికి ప్రియం.

చట్టాలు లేకపోలేదు. తెలంగాణ ప్రాంతంలో 1349 ఫసలీ నాటి వడ్డీ వ్యాపారుల చట్టం, లైసెన్సు లేకుండా ఈ వ్యాపారం చేయరాదని చెప్పింది. అయినా 2015లో విజయవాడలో కాల్ మనీ వ్యవహారం బయటపడి, అప్పు పేరుతో ఆడవాళ్ళను ఎంత వేధించారో లోకమంతా విన్నది. అంతకు ముందు 2010లో మైక్రోఫైనాన్సు వారపు కిస్తుల వేధింపులకు పల్లెల్లో ఆత్మహత్యలు జరిగితే, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. 2020లో సెల్‌ఫోను లోన్ యాప్‌ల వంతు వచ్చింది. ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ ఫోన్లు చేసి పరువు తీస్తే, తెలంగాణలో యువకులు ప్రాణాలు తీసుకున్నారు. మనిషి పోయాక "ఎందుకు చేశాడు అప్పు" అని అడిగేవాళ్ళే గాని, "పదివేల అప్పుకు ప్రాణం ఎందుకు పోవాలి" అని అడిగేవాళ్ళు తక్కువ.

మూడవ గడి జరిమానాలది. దీనిని ఎవరూ చూడరు. అందుకే దీని మీద కొంచెం నిదానంగా చెప్తాము.

ఒక ఇంటి కిస్తు 2,300 అనుకోండి. అయిదవ తారీఖున ఖాతాలో 2,250 ఉన్నది. 50 రూపాయలు తక్కువ. కిస్తు తిరిగి పోతుంది. తిరగ్గొట్టినందుకు ఖాతా ఉన్న బ్యాంకు ఒక చార్జీ వేస్తుంది, కిస్తు అందనందుకు అప్పిచ్చిన కంపెనీ ఇంకొక చార్జీ వేస్తుంది. ఈ అంకెలు బ్యాంకును బట్టి మారుతాయి. ఒకటి 250, ఇంకొకటి 400 అనుకుందాము. 50 రూపాయల లోటుకు 650 రూపాయల దండుగ, పదమూడు రెట్లు! వారం తరువాత కంపెనీ మళ్ళీ ప్రయత్నిస్తే, అప్పుడూ డబ్బు లేకపోతే, మళ్ళీ చార్జీలు. ఇప్పుడు ఆ ఇంటాయన ఏం చేస్తాడు? ఈ గొయ్యి పూడ్చడానికి గిరిగిరివాడి దగ్గర ఇంకొక గొయ్యి తవ్వుతాడు. గోరుచుట్టుపై రోకటిపోటు అంటే ఇదే.

కనీస నిల్వ జరిమానా సంగతి కూడా అంతే. ఖాతాలో డబ్బు తక్కువ ఉన్నందుకు ఉన్న ఆ కాస్తలో కోత. 2019-20 నుంచి 2023-24 దాకా అయిదేళ్ళలో ప్రభుత్వరంగ బ్యాంకులు ఈ పేరుతో సుమారు 8,500 కోట్ల రూపాయలు వసూలు చేశాయని 2024లో పార్లమెంటులో ప్రభుత్వమే చెప్పింది. ఇది ఎవరి డబ్బు? లక్షలు నిల్వ ఉన్నవారిది కాదు గదా. ఇందులో దుబారా ఏమున్నది? వలీమా ఏమున్నది? ఉన్నదల్లా నెలాఖరున చేతిలో డబ్బు లేకపోవడమే.

ఇది ఆకాశం నుంచి పడ్డ శాసనం కాదు. స్టేట్ బ్యాంకు ఈ జరిమానాను 2017లో మళ్ళీ మొదలుపెట్టి 2020లో తీసేసింది. 2025లో కెనరా బ్యాంకు, పంజాబ్ నేషనల్ బ్యాంకు వంటివి కూడా మామూలు సేవింగ్సు ఖాతాలకు ఎత్తివేశాయి. మనుషులు పెట్టినదే, మనుషులు తీసినదే. అంటే అడిగితే మారుతుందన్న మాట. కాబట్టి అసలు తీర్చడం అతని బాధ్యత అయితే, ఈ మూడవ గడిని నిలదీసి అడగడం మనందరి బాధ్యత. నిరక్షరాస్యుడైన బండివాడు ఒంటరిగా బ్యాంకు కౌంటరు ముందు నిలబడి ఏమి అడగగలడు?

అడగడానికి కొన్ని సంగతులు తెలిసి ఉండాలి. రిజర్వు బ్యాంకు 2012లోనే 'బేసిక్ సేవింగ్సు ఖాతా' ఏర్పాటు చేసింది. దానికి కనీస నిల్వ అక్కరలేదు. ఎవరైనా తెరవవచ్చు. నెలకు కనీసం నాలుగుసార్లు డబ్బు ఉచితంగా తీసుకోవచ్చు. 2014లో వచ్చిన జన్‌ధన్ ఖాతాలూ ఇటువంటివే. కనీస నిల్వ తగ్గితే ముందు ఖాతాదారుకు తెలియజేసి ఒక నెల గడువు ఇవ్వాలని, ఆ జరిమానా వల్ల ఖాతా సున్నా కంటె కిందికి పోరాదని 2014లోనే ఉత్తర్వు ఇచ్చింది. మైక్రోఫైనాన్సు అప్పులకు 2022లో నియమాలు పెట్టింది. ఒక ఇంటి కిస్తులన్నీ కలిపి ఆ ఇంటి నెల ఆదాయంలో సగం దాటరాదు. వసూలుకు ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 తరువాత రాకూడదు. అదే ఏడు లోన్ యాప్‌లు ఫోనులోని నంబర్ల జాబితాను తాకరాదని కూడా చెప్పింది. వ్రాసి ఇచ్చిన ఫిర్యాదుకు బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పెట్టుకోవచ్చు. దానికి ఫీజు లేదు, వకీలు అక్కరలేదు.

ఇప్పుడు సొసైటీ ఏమి చేయవచ్చునో మా సూచనలు మీ ముందు పెడుతున్నాము.

మొదటిది, నెలకు ఒక ఆదివారం ఆఫీసులో 'అప్పు లెక్క' కూర్చోవాలి. చదువుకున్న మన పిల్లలు ఇద్దరు ముగ్గురు, వచ్చినవారి కాగితాలు చూసి మూడు గళ్ళూ నింపి ఇవ్వాలి, ఫిర్యాదులు వ్రాసి పెట్టాలి. విన్నది బయటికి పొక్కరాదు. ఆడవాళ్ళకు వేరే గది, ఆడవాళ్ళే వ్రాసేవారు ఉండాలి. వారపు కిస్తు గ్రూపుల్లో ఉన్నది ఎక్కువగా వారే గదా.

రెండవది, ఖర్జె హసనా నిధి. ఇది కొత్త ఊహ కాదు. దేవ్‌బంద్‌లో ముస్లిం ఫండు 1961లోనే మొదలయింది. హైదరాబాదులో పుట్టిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా గారు (1908–2002) తమ ఊరిలో నడిచిన వడ్డీలేని అప్పుల సంఘాల గురించి వ్రాశారు. జకాతు పొందదగిన ఎనిమిది వర్గాలలో అప్పులపాలైనవారు కూడా ఉన్నారు. ఏ అప్పుకు అది వర్తిస్తుందో ఉలమాను అడిగి తెలుసుకోవాలి. కాని ఒక హెచ్చరిక. హలాల్ పేరు చెప్పి, పెద్ద లాభాల ఆశ పెట్టి డిపాజిట్లు సేకరించిన సంస్థలు 2018లో హైదరాబాదులోను, 2019లో బెంగుళూరులోను కూలిపోయి ఎన్ని ఇళ్ళు ఏడ్చాయో మనకు తెలుసు. మనము విరాళాలతోనే మొదలుపెట్టాలి. డిపాజిట్లు తీసుకోరాదు, 2019లో దాని మీద కఠినమైన చట్టం వచ్చింది. పెద్దది చేయదలిస్తే 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరు చేసుకుని, ప్రతి ఏటా ఆడిట్ చేయించాలి. తీసుకున్నవాడు వ్రాతపూర్వకంగా తీసుకోవాలి, గడువుకు తీర్చాలి. తీర్చగలిగి కూడా తీర్చనివాడు తన వెనుక నిలబడిన ఇంకొక పేదవాడి చేతిలోది లాక్కుంటున్నాడు. నిజంగా తీర్చలేని స్థితిలో ఉన్నవాడికి గడువు పెంచమని దైవాజ్ఞ ఉండనే ఉన్నది.

మూడవది, పెళ్ళిళ్ళు. జోడే కీ రఖమ్ అడిగే ఇంటి పెళ్ళికి కమిటీ సభ్యులు పోరాదని తీర్మానం చేద్దాము. పెద్దలు మొదలుపెడితే చిన్నవారు అనుసరిస్తారు.

సోదరులారా, సోదరీమణులారా! ఇకమీదట దరఖాస్తు వచ్చినప్పుడు "ఎందుకు చేశావు" అనే ప్రశ్నను కొంచెం ఆపుదాము. ముందు "ఎంత తీసుకున్నావు, ఎంత కట్టావు, ఇంకా ఎంత అంటున్నారు" అని అడుగుదాము. చేతికి వచ్చినదానికి రెట్టింపు కట్టి కూడా ఇంకా బాకీదారుగా నిలబడినవాడిని బద్ధకస్తుడనో దుబారా మనిషనో అనడానికి అప్పుడు మనకు నోరు రాదు. అట్లాగే, లెక్క తేలిన తరువాత తన అసలు తీర్చే దారి చూసుకోమని అతనికి చెప్పడానికి మనకు హక్కు వస్తుంది.

నెలకు ఒక ఆదివారం పూట ఇవ్వగలిగిన యువకులు, యువతులు సభ ముగియగానే సెక్రటరీ గారి దగ్గర పేర్లు వ్రాయించవలసిందిగా మనవి. అల్లాహ్ మనందరినీ అప్పుల బరువు నుంచి కాపాడుగాక, అప్పులో ఉన్నవారికి దారి చూపుగాక, వారికి చేయి ఇచ్చే శక్తిని మనకు ఇచ్చుగాక. ఆమీన్.