వల్లియమ్మ మనవడి పాట ఎవరిది?

(దళిత కళాకారుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అన్నలారా, అక్కలారా, డప్పులు భుజానేసుకుని తెల్లారకముందే బస్సులెక్కి వచ్చిన తమ్ముళ్లారా!

ఈ పూట మమ్మల్ని పాటగాడి హక్కు గురించి మాట్లాడమన్నారు. చట్టంలో ఉన్నదంతా వల్లెవేస్తే మీకు కునుకు పడుతుంది. అందుకని ముందు ఒక మనిషి కథ చెప్తాం. చట్టం ఆ కథ వెనకే వస్తుంది.

ఆ మనిషి పేరు అరివు. అసలు పేరు అరివరసు కలైనేసన్. తమిళ దళితుడు. ఊరు అరక్కోణం. రేణిగుంట మీదుగా మద్రాసు పోయే రైల్లో మనకు తగిలే జంక్షనే. కూలికి చెన్నై పోయినోళ్లు మీలో ఎంతోమంది ఆ స్టేషన్లో టీ తాగే ఉంటారు. అమ్మా నాన్నా చదువు చెప్పేవాళ్లు. ఇంజనీరింగ్ చదివాడు. ఉద్యోగం వెతుక్కోవాల్సిన వయసులో పాటలు కట్టడం మొదలుపెట్టాడు. ఏ కంపెనీ నీడా లేకుండా సొంతంగా పాడే ర్యాపరయ్యాడు.

ర్యాప్ అంటే ఏందని పెద్దోళ్లు అడుగుతారు. రాగం తీసి పాడటం కాదు, దరువు మీద మాటను పరిగెత్తించడం. 1973 ప్రాంతంలో అమెరికాలో, న్యూయార్కు నగరంలోని బ్రాంక్స్ అనే పేదల పేటలో నల్లజాతి కుర్రాళ్లు దీన్ని మొదలుపెట్టారు. రికార్డు ప్లేయర్లనే వాయిద్యాలుగా చేసుకుని వాటి మీద మాటలు పేర్చారు. మన బుర్రకథలో గుమ్మెట మోగుతుంటే కథకుడు గుక్క తిప్పుకోకుండా మాట అందుకునే తీరు చూసినోళ్లకు ఇదేం వింతగా ఉండదు. వాళ్ల కోపం వేరే నేలది, అంతే.

ఇప్పుడు అరివు గురించి చెప్పాలంటే ముందు వాళ్ల అమ్మమ్మ గురించి చెప్పాల. ఆమె పేరు వల్లియమ్మ. సిలోను తేయాకు తోటల్లో పనిచేసి తిరిగొచ్చిన కుటుంబం ఆమెది.

సిలోను తోటలంటే తెల్లదొరలు కొండలు నరికించి వేయించిన తోటలు. ముందు కాఫీ వేశారు. 1869 తర్వాత తెగులొచ్చి కాఫీ పోతే తేయాకు పెట్టారు. నరికిందెవరు, నాటిందెవరు, ఆకు కోసిందెవరు? తమిళ జిల్లాల్లో కరువుకు మాడిన భూమిలేని జనం. అందులో మనలాంటి అంటరాని కులాలోళ్లు చాలామంది. 'కంగాణి' అనేవాడు ఊళ్లోకొచ్చి నాలుగు డబ్బులు అడ్వాన్సిచ్చి తోలుకుపోయేవాడు. సముద్రం దాటి మన్నారులో దిగాక అడవిలో నడక. కలరాకీ, జ్వరానికీ దారి పక్కనే రాలిపోయినోళ్లకు లెక్కలేదు. తోటకు చేరేసరికే మనిషి అప్పులో ఉండేవాడు. ఆ అప్పు తీరేది కాదు. మన ఉత్తరాంధ్ర ముసలోళ్లను అడగండి, 'రంగం పోవటం' అంటే ఏందో చెప్తారు. వీళ్లను మేస్త్రీలు ఓడలెక్కించి బర్మా తోలారు. వాళ్లను కంగాణీలు సిలోను తోలారు. పేరు మారింది గానీ పద్ధతి అదే.

నూరేళ్లకు పైగా ఆ కొండల్ని పచ్చగా చేసినోళ్లకు చివరికి దక్కిందేంటి? 1948లో ఆ దేశం స్వతంత్రమైన ఏడాదే వాళ్ల పౌరసత్వం తీసేసింది. 1964లో సిరిమావో, శాస్త్రి కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. 5,25,000 మందిని ఇండియా తీసుకోవాల, 3,00,000 మందిని సిలోను ఉంచుకోవాల, 1,50,000 మంది సంగతి తర్వాత చూద్దామన్నారు. సంతలో గొడ్లను పంచుకున్నట్టే పంచుకున్నారు. మీరు యాడికి పోతారని ఆ మనుషుల్ని అడిగినోడు లేడు. వచ్చినోళ్లలో చాలామంది నీలగిరి కొండల్లో మళ్లీ అదే తేయాకు కోతకు చేరారు. వల్లియమ్మ కూడా తిరిగొచ్చాక కూలి చేసే బిడ్డను పెంచి చదివించింది. ఆ బిడ్డ కొడుకే అరివు.

2018 జనవరి 6న చెన్నై కీల్పాక్కంలో ఒక కచేరీ జరిగింది. సినిమా దర్శకుడు పా. రంజిత్, సంగీతకారుడు టెన్మా కలిసి 19 మందితో ఒక బృందాన్ని నిలబెట్టారు. పేరు 'ది కాస్ట్‌లెస్ కలెక్టివ్', అంటే కులం లేనోళ్ల జట్టు. అయోతీదాస్ పండితుడు వాడిన మాట నుంచి తీసుకున్న పేరది. ఉత్తర చెన్నై మురికివాడల్లో చావింటి దగ్గర పాడే గానా పాటా, పరై మోతా, ర్యాపూ ఒక్క స్టేజీ మీద కలిసినయ్. పరై అంటే మన డప్పే. చావుకు కొట్టేదని ఊరు దూరం పెట్టిన వాయిద్యం పట్నంలో వేల మంది ముందు నడిమధ్యలో నిలబడింది. రిజర్వేషన్ మీద పాట, అంబేడ్కరు మీద పాట, గొడ్డుమాంసం మీద పాట. ఆ జట్టులోనే అరివు జనానికి తెలిశాడు.

ఆ తర్వాతి ఏడాది, 2019లో, ఆఫ్రో అనే సంగీతకారుడితో కలిసి 'తెరుక్కురల్' అనే ఆల్బం తెచ్చాడు. తిరుక్కురళ్ వాళ్లకు పూజ్య గ్రంథం. తెరు అంటే వీధి, కురల్ అంటే గొంతు. ఒక్క అక్షరం మార్చి గ్రంథాన్ని వీధిలోకి దింపాడు. మాకు నచ్చిన తెలివి అది. అందులో ఒక పాట పేరు 'స్నోలిన్'. 2018 మే 22న తూత్తుకుడిలో స్టెరిలైటు రాగి ఫ్యాక్టరీ వద్దన్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపితే 13 మంది చచ్చిపోయారు. వాళ్లలో పదిహేడేళ్ల పిల్ల స్నోలిన్. ఇంకో పాట 'యాంటీ ఇండియన్'. ప్రశ్న అడిగినోణ్ణల్లా దేశద్రోహి అనేవాళ్లకు జవాబు అది.

సినిమాలకూ రాశాడు. రజనీకాంత్ 'కాలా'కు రాశాడు, విజయ్ 'మాస్టర్'లో పాడాడు. సొంతంగా పాడేవాడు సినిమాకెందుకు పోవాలని కొందరు తమ్ముళ్లు అడుగుతుంటారు. అన్నం తినాలి గదయ్యా! సినిమాకు పోతే కూలి ఎంతో ముందే తెలుస్తుంది. సొంత పాటకు ఆ లెక్క ఎవడు చెప్తాడు? అసలు గొడవ ఇక్కడే ఉంది.

2021 మార్చి 7న 'ఎంజాయ్ ఎంజామి' అనే పాట యూట్యూబులో వచ్చింది. ధీ అనే అమ్మాయీ అరివూ పాడారు. సంగీతం సంతోష్ నారాయణన్. 'మాజ్జా' అనే కొత్త కంపెనీ విడుదల చేసింది. సొంతంగా పాడే కళాకారుల్ని నిలబెట్టడానికే పుట్టామని చెప్పుకున్న కంపెనీ అది. పాటలో ఉన్నది వల్లియమ్మ బతుకు. తోట నాటి, నీళ్లు మోసి, ఆ పచ్చదనంలో చారెడు నేల కూడా తనదని చెప్పుకోలేని మనిషి గోడు. నడుమ చావింటి శోకాలు వస్తాయి, వాటిని తమిళంలో ఒప్పారి అంటారు. మన ఆడోళ్లు పీనుగ దగ్గర వరసలు చెప్పి ఏడుస్తారే, ఆ పద్ధతే. 'ఎంజామి' అంటే 'నా సామీ' అని. పాలేరు కామందును పిలిచిన పిలుపు అది. ముసల్ది మనవణ్ణి ముద్దుగా పిలిచే పిలుపూ అదే. వీడియోలో వల్లియమ్మ కూడా కనబడుతుంది.

పాట దేశాలు దాటింది. తమిళం ముక్క రానోళ్లు కూడా పెళ్లిళ్లలో చిందేశారు. మన ఊళ్లల్లో కూడా ఫోన్లలో మోగింది, మీరంతా వినే ఉంటారు. చూసినోళ్ల లెక్క 40 కోట్లు దాటింది. అదే పాట వచ్చిన నెలకే, 2021 ఏప్రిల్ 7న, అరక్కోణం దగ్గర సోగనూరులో ఇద్దరు దళిత కుర్రాళ్లను కొట్టి చంపారు. పాటకు ఈలలు వేసిన దేశమే ఇదీ. రెండూ మతికుంచుకోండి.

ఇక పేరు సంగతి. 2021 ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా అనే సంగీత పత్రిక ముఖచిత్రం వేసింది. 'ఎంజాయ్ ఎంజామి', 'నీయే ఒళి' అనే రెండు పాటల ఘనత దాని విషయం. రెండింటికీ మాటలు అరివువే. బొమ్మలో పాడిన ఇద్దరున్నారు, అరివు లేడు. రంజిత్ బహిరంగంగా అడిగాడు, జనం గోల చేశారు. అప్పుడు ఆ పత్రిక అరివుతో ఇంకో ముఖచిత్రం తెచ్చింది. విదేశీ డీజే ఒకాయన చేసిన రీమిక్సు ప్రచారంలో కూడా అరివు పేరు కనబడలేదని అప్పుడే గొడవైంది. మరుసటి ఏడు 2022 జులై 28న చెన్నైలో చెస్ ఒలింపియాడ్ ఆరంభం. ప్రధానమంత్రి, ముఖ్యమంత్రి కూర్చున్న సభ. అక్కడ ఈ పాట పాడారు. ధీ పాడింది, కిడక్కుళి మారియమ్మాళ్ పాడింది. అరివు లేడు.

అప్పుడు నోరు విప్పాడు. వరస కట్టిందీ, రాసిందీ, పాడిందీ, ఆడిందీ తానేననీ, ఒక్క మాటగానీ వరసగానీ ఎవరూ తన చేతికివ్వలేదనీ, ఆర్నెల్లు నిద్ర లేకుండా చేశాననీ రాశాడు. ఈ నేల మీద పుట్టిన ప్రతి పాట మీదా తరాల గాయాల మచ్చలుంటాయన్న అర్థంలో కూడా రాశాడు. సంతోష్ నారాయణన్ తన జవాబు తాను చెప్పాడు. సంగీతం కట్టింది తాననీ, హక్కులూ రాబడీ ముగ్గురికీ సమానమనీ, అరివు అమెరికాలో ఉన్నందున రాలేడని నిర్వాహకులు తమకు చెప్పారనీ అన్నాడు. ధీ కూడా అరివు పేరును తాము ఎప్పుడూ దాచలేదంది.

మేము ఇక్కడ ఎవర్నీ దొంగ అనటం లేదు. పాట నలుగురి చేతుల్లో తయారవుతుంది, తబలా వాయించినోడికీ అందులో భాగం ఉంది. కానీ ఒక్కటి అడుగుతాం. ఒకసారి జారితే ఏమరుపాటు అనుకుందాం. మళ్లీ మళ్లీ ఒకే మనిషి పేరు జారిపోతుంటే దానికి ఏం పేరు పెట్టాల? గుడి కట్టిన కూలోడి పేరు శాసనంలో ఎక్కదు. ఊరి జాతరలో రాత్రంతా డప్పు కొట్టినోడికి పొద్దున పంక్తిలో చోటుండదు. అలవాటైన చేతులు, వాటంతటవే ఆ పేరును దాటి పోతాయి.

ఇంకో ముచ్చట వినండి. 2024 మార్చిలో, పాటకు మూడేళ్లు నిండినప్పుడు, సంతోష్ నారాయణనే బయటకొచ్చి ఈ పాట మీద ఒక్క పైసా కూడా తమ చేతికి రాలేదన్నాడు. కంపెనీ వాదన కంపెనీకుంది. కానీ చూడండి, 40 కోట్ల సార్లు మోగిన పాట దగ్గర రాసినోడూ, వాయించినోడూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. స్వతంత్ర కళాకారుడు అంటే నోరు స్వతంత్రమే. లెక్కల పుస్తకం మాత్రం ఇంకోడి బీరువాలో ఉంది. సొంత పొలం పండించి గింజలు కొలిచే మానిక షావుకారు చేతికిచ్చినట్టు.

అరివు ఆగలేదు. 'అంబస్సా' అని సొంత బ్యాండు పెట్టుకున్నాడు. 2024లో వచ్చిన ఆల్బం పేరు 'వల్లియమ్మ పేరాండి', అంటే వల్లియమ్మ మనవడు. పేరు గొడవకు జవాబు పేరుతోనే చెప్పాడని మేమనుకుంటాం. ముసల్దాని పేరు అట్ట మీదే ఉంది, ఇక ఎవడూ దాన్ని దాటి పోలేడు.

ఇప్పుడు మన సంగతి. ఊరి మీద గూడ అంజయ్య రాసిన పాటను మనం ప్రతి మీటింగులో పాడతాం. 2016లో ఆయన పోయాడు. ఆయన బతికుండగా కూడా ఆ పాట ఎవరిదంటే 'జనం పాట' అని చెప్పినోళ్లే ఎక్కువ. జనం పాటే, కాదనం. కానీ రాసిన మనిషి ఒకడున్నాడు గదా? మనమే చెప్పకపోతే సినిమావాడు చెప్తాడా?

చట్టం ఏమంటుందో చెప్తాం. కాగితం మీద పెట్టిన పాటకు, ఫోన్లో రికార్డు చేసిన పాటకు, రిజిస్టరు చెయ్యకపోయినా హక్కు పుడుతుంది. రాసినోడు బతికున్నన్నాళ్లూ, పోయాక 60 ఏళ్లూ ఉంటుంది. ఇంకోడికి ఇవ్వాలంటే రాతపూర్వకంగా సంతకంతో ఉండాల, నోటిమాట చెల్లదు. ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకే. ఏ ప్రాంతానికో రాయకపోతే మన దేశం వరకే. 2012లో చట్టం మార్చారు. పాట రాసినోడూ వరస కట్టినోడూ హక్కు అమ్ముకున్నా సరే, ఆ పాట వాడకం మీద వచ్చే రాయల్టీలో సమాన వాటాను వదులుకున్నట్టు ఎవడూ రాయించుకోవడానికి వీల్లేదు. హక్కు మొత్తం అమ్మేసినా, ఇది నేను రాశానని చెప్పుకునే హక్కు పోదు. కాబట్టి ఎవడన్నా స్టూడియోకు పిలిచి బిర్యానీ పెట్టి, రెండు వేలు జేబులో పెట్టి, ఇంగ్లీషు కాగితం ముందు పెడితే, ఇంటికి తీసుకుపోయి చదివించుకుని రేపు చెప్తాననండి. రేపటిదాకా ఆగలేనోడి కాగితం మీద సంతకమే పెట్టొద్దు.

మరి మన అమ్మమ్మల పాటల సంగతేంటి? నాట్లేసేటప్పుడు పాడినవి, పీనుగ దగ్గర ఏడ్చినవి, ఎవరు కట్టారో తెలియనివి. వాటి మీద ఒక్కడి హక్కు చట్టంలో నిలవదు, నిలవాలని మేమూ అనం. కానీ ఏ వాడలో, ఏ అవ్వ నోట విన్నామో చెప్పి పాడటానికి ఏ చట్టమూ అక్కర్లేదు. అరివు చేసింది అదే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక నోటుబుక్కు వరసల్లోకి వస్తుంది. మీరు పాడే పాట పేరు, రాసినోళ్ల పేరు, ఊరు, ఎప్పుడు కట్టారు, ఎవరి దగ్గర నేర్చారు, ఇవి రాయండి. రాయలేనోళ్లు పక్కనోళ్ల చేత రాయించండి. అవ్వల పేర్లు ఇంటిపేరుతో సహా రాయండి. ఫలానావాళ్ల అమ్మ అని రాయొద్దు.